నిలకడ కాగితం

సరస్సు ఒడ్డున ఆమెను అందరూ నిలకడమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది స్వయానా అక్క మొగుడే. ఏటా వేట మొదలయ్యే ముందు సరస్సు ఆఫీసు ఒక కాగితం రాస్తుంది. ఆ ఏడు ఎన్ని పడవలు నీళ్ళలోకి దిగవచ్చో అందులో ఉంటుంది. అంకె కింద ఒక వాక్యం, వాక్యం కింద లెక్క కట్టిన మనిషి సంతకం. దాన్ని తూకం షెడ్డు తలుపుకు అంటిస్తారు. నాలుగేళ్ళుగా అంకె మారలేదు, యాభై. వాక్యమూ మారలేదు: "చేపల రాశి నిలకడగా ఉన్నది." సంతకం ఆమెది.

"పెళ్ళాం మాటకీ గాలి మాటకీ పూచీ లేదు గానీ, మా మరదలి మాట రాతి మీద గీత," అంటూ బావ ఆ తలుపు ముందు నిలబడి అందరికీ చదివి వినిపించేవాడు. చదువు రానివాళ్ళెవరూ అక్కడ లేరు. అయినా చదివేవాడు. మరదలు గొప్పదైతే ఆ గొప్పలో బావకీ కాస్త వాటా ఉంటుందని అతని నమ్మకం.

ఐదో ఏడు కాగితం రాయడానికి ఇంకా తొమ్మిది రోజులుండగా, ఆమె తన లెక్కను మళ్ళీ మొదటినుంచీ చూడవలసి వచ్చింది.

కారణం పరీక్ష వల. వేటకు ముందు ఆఫీసు పడవ సరస్సులో ఇరవై గుర్తుల దగ్గర వల వేసి చూస్తుంది. జాలర్లు చేప ఉన్నచోట వేస్తారు, ఆఫీసు చేప ఉన్నా లేకపోయినా అవే ఇరవై చోట్ల వేస్తుంది. ఈసారి ఏడు చోట్ల వల ఖాళీగా పైకొచ్చింది. చిరిగిందేమోనని పడవ నడిపేవాడు రెండుసార్లు తడిమి చూశాడు. వల శుభ్రంగా ఉంది. అతను రిజిస్టరులో ఏడు సున్నాలు చుట్టి, ఆమె బల్ల మీద పెట్టి, టీకి వెళ్ళిపోయాడు.

ఆమె చదివింది చేపల చదువు కాదు, గణితం. కాలంతో పాటు మారే వ్యవస్థలు చివరికి ఎక్కడికి చేరతాయో చెప్పే గణితం. గిన్నెలో గోలీ వదిలితే, ఎటునుంచి వదిలినా దొర్లి దొర్లి అడుగుకే చేరుతుంది. ఆ అడుగును ఆకర్షకం అంటారు. గిన్నెకు చిన్న సొట్ట పడితే అడుగు కాస్త పక్కకు జరుగుతుందే తప్ప మాయం కాదు. దాన్ని నిర్మాణ స్థిరత్వం అంటారు. ఆ రెండో మాటంటే ఆమెకు ప్రాణం. మనం కొలిచే అంకెల్లో ఇంతో అంతో తప్పున్నా ఫలితం మారదని భరోసా ఇచ్చే శాస్త్రం కంటే మనిషికి కావలసిందేముంది? ప్రొఫెసరు ఇంకో మాట కూడా చెప్పాడు, గిన్నె మరీ పళ్ళెంలా చదునైపోతే ఈ భరోసా పనిచేయదని. అది పరీక్షకు రాలేదు.

సరస్సు లెక్క మొత్తం ఒక వంపు గీత. అడ్డంగా చేపల రాశి, నిలువుగా ఆ రాశి ఏడాదికి ఎంత పెరుగుతుందో లేక తరుగుతుందో. గీత సున్నాను దాటిన చోట చేప పెరగదు, తరగదు. అదే గిన్నె అడుగు. పడవలు ఎక్కువైన కొద్దీ గీత మొత్తం కిందికి దిగుతుంది. మరీ దిగితే సున్నాను తాకనే తాకదు. అప్పుడు చేప నిలిచే చోటంటూ ఉండదు.

గీత ఎంత ఎత్తులో ఉందో తేల్చడానికి ఏదో ఒక ఊతం కావాలి. ఉద్యోగంలో చేరిన ఏడు ఆమె షెడ్డు తూకాలు తెప్పించి చూసింది. వలకు నలభై ఒక్క కిలోలు, నలభై, నలభై, ముప్పైతొమ్మిదిన్నర. నిలిచే ఉంది కదా అనుకుంది. మార్పు సున్నా అని లెక్కలో వేసి గీత గీసింది. గీత సరిగ్గా అక్కడే సున్నాను దాటింది. దాటక ఏం చేస్తుంది? దాటమని చెప్పింది తనే. కొత్తవాళ్ళు ఈ తప్పు చేయరు, వాళ్ళకు అంత ధైర్యం ఉండదు. బాగా చదువుకున్నవాళ్ళే చేస్తారు.

ఇప్పుడు ఆ సున్నా తీసేసి, తూకాల్లో తరుగు ఎంతుంటే అంతే ఉండనిచ్చి మళ్ళీ గీసింది. గీత సున్నాను తాకలేదు. వెంట్రుక వాసి కిందినుంచి వెళ్ళిపోయింది. పెన్సిలు మొన చెక్కుకుని ఇంకోసారి గీసింది. ఇంకోసారి. కిటికీ అవతల జాలర్లు వలలు ఆరేస్తూ ఎవరినో ఆటపట్టిస్తున్నారు, నవ్వులు పైకి వినిపిస్తున్నాయి. గిన్నెకు అడుగు ఆరేళ్ళ కిందటే పోయింది. పోయినచోట వాలు ఉందీ లేదన్నంత కాబట్టి గోలీ అక్కడ నింపాదిగా, ఆగినట్టే కనబడుతూ, జారుతూ వచ్చింది. దాని నెమ్మదిని చూసి ఆమె నిలకడ అని సంతకం పెట్టింది. ఈ ఏటితో ఆ చదును కాస్తా అయిపోయింది.

తప్పు ఒప్పుకోవడం కష్టమే. కానీ అంతకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది, దాని జోలికి పోకుండా ఆమె మధ్యాహ్నం దాకా కూర్చుంది. తర్వాత పోయింది.

ఒడ్డున ఒక పాత పద్ధతి ఉండేది. చేప సన్నబడిందని పెద్దలకు అనిపించిన ఏడు, ఐదింటికి ఒకటి చొప్పున చీటీలు వేసి పడవల్ని ఒడ్డెక్కిస్తారు. ఒడ్డెక్కిన పడవ ఏడాదిపాటు నీళ్ళు ముట్టదు. మిగతా పడవలవాళ్ళు ఆ ఇళ్ళకు ఏ లోటూ రానివ్వరు. ఆమె వచ్చిన రెండో ఏడు అలాగే చీటీలు వేశారు. పది పడవలు. మూడో చీటీలో బావ పడవ వచ్చింది.

ఆ సాయంత్రం అక్క వచ్చి ఈ గదిలోనే, ఈ బల్ల ముందే కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "ఏడాదంతా ఒకరి చేతికింద తినాలంటే మీ బావ బతకడే. నీ లెక్క ఏమంటోంది?" అంది. లెక్క నిలకడ అంటోంది. మర్నాడు ఆమె గీత గీసిన కాగితం పట్టుకుని షెడ్డుకు వెళ్ళి, బోర్లించిన చేపల పెట్టె మీద నిలబడి, గిన్నె గురించీ గోలీ గురించీ అందరికీ చెప్పింది. బాగా చెప్పింది. చీటీలో అక్క పడవ రాకపోయి ఉంటే ఆ తరుగును ఇంకోసారి చూసేదేమో. ఏమో, అప్పుడూ చూసేది కాదేమో.

ఒక్క తూకం తాత మాత్రం ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళుగా కాటా దగ్గర కూర్చున్న మనిషి. "అమ్మాయ్, బరువు అంతే ఉంది, నిజమే. కానీ ఒకప్పుడు గంపకి పన్నెండు చేపలు పట్టేవి. ఇప్పుడు ఇరవై పడుతున్నాయి," అన్నాడు.

"సరస్సుకు బరువే లెక్క తాతా," అందామె.

"తాతవన్నీ కాకి లెక్కలు, మా మరదలిది కాలేజీ లెక్క," అన్నాడు బావ. అందరూ నవ్వారు. చీటీలు చింపేశారు. తాత కూడా కాసేపటికి నవ్వాడు, ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవడం ఎందుకని.

ఆ ఏడు ఎన్ని పడవలు ఆగి ఉంటే గీత మళ్ళీ సున్నాను దాటి, గిన్నెకు అడుగు తిరిగి ఏర్పడేదో ఇప్పుడు లెక్క కట్టింది. ఎనిమిది. వాళ్ళు ఆపుతామన్నది పది. గోటితో పోయేదాన్ని ఆమె పెట్టె ఎక్కి మరీ గొడ్డలి దాకా తెచ్చింది. పెన్సిలు పక్కన పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. గది తలుపు తీసే ఉంది, లేచి వేసుకునే ఓపిక కూడా లేకపోయింది.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు మొత్తం ఆపేస్తే? ఈ చేప గుంపుగా ఉంటేనే దాని గుడ్లు బతుకుతాయి, పలచబడితే వేరే చేపలు తినేస్తాయి. కోలుకోవాలంటే సరస్సులో కనీసం తొమ్మిది వందల టన్నులుండాలి. అంతకంటే తగ్గితే ఒక్క వల వేయకపోయినా తరుగుతూనే పోతుంది. పరీక్ష వలల ప్రకారం ఇప్పుడున్నది ఎనిమిది వందల ఎనభై. ఆ కొలతలో తేడా ఉండగలిగింది అరవై, అటైనా ఇటైనా.

ఆఫీసు పెద్దసారు ఇంకో రెండు నెలల్లో బదిలీ మీద వెళ్ళిపోతున్న మనిషి. కందకు లేని దురద కత్తికెందుకన్నట్టు ఉంటాడు. ఆమె ఇచ్చిన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

"ఎనిమిది వందల ఎనభై, బాగుంది. ఈ అరవై అటూ ఇటూ ఏమిటమ్మా?"

"కొలతలో ఉండే తేడా సార్. తొమ్మిది వందల నలభై అయినా ఉండొచ్చు. ఎనిమిది వందల ఇరవై అయినా ఉండొచ్చు."

"తలుపుకు అంటించే కాగితంలో ఉండొచ్చు, లేకపోవచ్చు అని రాస్తామా? నాలుగేళ్ళు తొణక్కుండా రాశావు. ఇప్పుడూ అలాగే తేల్చి రాయి. పోతే పోయిందను, ఉంటే ఉందను. ఏది రాసినా నేను ముద్ర వేస్తాను." కాగితం వెనక్కిస్తూ, "పోయిందని రాస్తే మటుకు పడవల అంకె తగ్గించకు. ఎలాగూ పోయేదానికి వాళ్ళ నోటికాడి కూడు మనం లాగడం దేనికి?" అన్నాడు.

చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే పోట్లాడేది.

మెట్లు దిగుతూ ఆమె ఆలోచించింది. ఉండొచ్చు అని చెబితే బావలాంటివాళ్ళు యాభై పడవలూ ఒడ్డెక్కిస్తారు. మూడేళ్ళు పస్తులుంటారు. మూడేళ్ళ తర్వాత చేప రాకపోతే? ఒకసారి లేని ధైర్యం ఇచ్చి ముంచాను, ఇప్పుడు లేని ఆశ ఇచ్చి చంపనా? అంకెలు కూడా తక్కువవైపే మొగ్గుతున్నాయి. ఇక జన్మలో ఎవరికీ ఒట్టి ఆశ చూపించకూడదని మెట్ల మీదే ఒట్టు పెట్టుకుంది. సిగ్గు మనిషిని నిజం దగ్గరికే తీసుకుపోతుందనుకుంటాం. ఒక్కోసారి దాటించి అవతల పారేస్తుంది.

కాగితం అంటించక ముందే బావకు తన నోటితో చెప్పాలని ఒడ్డుకు వెళ్ళింది. అతను పడవ బోర్లించి అడుగున తారు పూస్తున్నాడు. చీటీలు చింపిన ఏడు, ఇక భయం లేదని, పాతదాన్ని పక్కన పెట్టి కట్టించుకున్న పడవ అది.

"ఏం నిలకడమ్మా, ఎండలో పడి వచ్చావ్? మీ అక్క చాడీలు మోసుకొచ్చిందా?"

ఆమె చెప్పింది. మొదట తాను పెట్టిన సున్నా గురించి, తర్వాత గీత గురించి, తర్వాత చేప గురించి. బావ తారు బ్రష్షు డబ్బాలో పెట్టి, పూర్తయ్యేదాకా విన్నాడు. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అందుకే ఆమెకు భయమేసింది.

"ఎప్పుడు ఆపి ఉంటే బతికేది?" అన్నాడు చివరికి.

"రెండో ఏడు."

"చీటీలేసిన ఏడా?"

"అవును బావా."

"ఎన్ని పడవలు?"

అబద్ధం చెప్పాలనిపించింది. "ఎనిమిది," అంది.

"అయితే రెండు మిగిలేవన్నమాట," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చేతికంటిన తారు గడ్డికి తుడుచుకుంటూ సరస్సు వైపు చూశాడు. "నిన్నేమీ అనడం లేదు. పెట్టె ఎక్కింది నువ్వే అయినా చప్పట్లు కొట్టింది మేమే. ఒక్కటి చెప్పు. ఈసారి నీ లెక్క తప్పయ్యే వీలుందా? రవ్వంతున్నా చెప్పు. అందరం ఒడ్డెక్కిస్తాం. ఇటుక బట్టీకి పోతాం, రోడ్డు పనికి పోతాం, ఏదో ఒకటి చేసుకుంటాం. మూడేళ్ళయినా సరే, ఐదేళ్ళయినా సరే."

అరవై అనే అంకె ఆమె నాలుక చివర దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"లేదు బావా."

"రవ్వంత కూడా?"

"లేదు."

అతను తలూపాడు. ఆమె మాట ఎప్పుడూ నమ్మినట్టే నమ్మాడు. "సరే. నిండా మునిగాక చలేమిటి," అని బ్రష్షు తీసుకుని మిగిలిన తారు పూశాడు.

షెడ్డు తలుపు మీది కాగితంలో ఆమె చేప పోయిందని రాసింది, అంకె మాత్రం యాభై అలాగే ఉంచింది. వేట మొదలైన రోజు పడవ ఒక్కింటికి రెండు వలలకు బదులు నాలుగు వేశారు. సరస్సుకు ఉత్తరాన ఒక వాగు కలుస్తుంది. చేప గుడ్లు పెట్టడానికి చేరే మూల అది. తాతల కాలం నుంచి అక్కడ ఎవరూ వల వేయలేదు. వేయకూడదని ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ వేయలేదంతే. ఆ రోజు యాభై పడవలూ తిన్నగా ఆ మూలకే పోయాయి. ఉన్న చేపంతా అక్కడే ఉంది. సాయంత్రానికి షెడ్డు ముందు గంపలు పెట్టడానికి చోటు చాలలేదు. అంత వేట ఒడ్డు మీద ఎవరూ ఎరగరు. ఐసు బండి మూడుసార్లు తిరిగింది. అయినా ఒక్కరి మొహంలో కళ లేదు. తాత అంకెలు పలుకుతుంటే, చావు ఇంట్లో సామాన్లు లెక్క పెడుతున్నట్టు నిశ్శబ్దంగా విన్నారు.

ఆమె అక్కింటికి వెళ్ళలేదు, కిటికీ తీయలేదు. రెండో రోజంతా బల్ల ముందు కూర్చుని అరవైని చూసింది. లెక్కలో తప్పు లేదు. తప్పు బావకు చెప్పిన జవాబులో ఉంది. మూడేళ్ళ కిందట ఇంత ఉన్న తరుగును లేదనుకుంది, మొన్న ఇంత ఉన్న ఆశను లేదని చెప్పింది. రెండుసార్లూ ఎదుటివాళ్ళ మేలు కోరే చేశానని మనసుకు నచ్చజెప్పబోయింది. మనసు వినలేదు. సాయంత్రం ఒకసారి చెప్పులేసుకుని తలుపు దాకా వెళ్ళింది. ఏ మొహం పెట్టుకుని వెళ్తావని తనను తానే అడిగి వెనక్కి వచ్చింది.

మూడో రోజు పొద్దు వాలకముందే పరుగులాంటి నడకతో షెడ్డుకు వెళ్ళింది. బావ గంప దించి, కాటా పక్కన నిలబడి నడుం సరిచేసుకుంటున్నాడు. తాత పలక మీద ఏదో రాసుకుంటున్నాడు.

"బావా, ఆపండి. నేను మొన్న చెప్పింది తప్పు. వీలుంది. తొమ్మిది వందల నలభై దాకా ఉండొచ్చు. ఆపితే కోలుకోవచ్చు."

చుట్టూ ఉన్న నలుగురైదుగురు చేతుల్లో పనులాపి చూశారు.

"మొన్న అడిగానుగా," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు.

"అడిగావు. చెప్పలేదు. భయపడ్డాను."

"దేనికి?"

"మళ్ళీ నన్ను నమ్ముతారని."

బావ తాత వైపు తిరిగాడు. "తాతా, ఇప్పటిదాకా ఎంత దిగింది?"

తాత పలక తుడవకుండా ముందు రెండు రోజుల అంకెలకు ఆ రోజువి కలిపాడు. అతని వేలు పలక మీద పైనుంచి కిందికి చాలా నెమ్మదిగా జరిగింది. "నిన్నటికి ముప్పై టన్నులు. ఇవాళ ఇప్పటికి పదహారు," అన్నాడు.

నలభై ఆరు. తొమ్మిది వందల నలభైలోంచి నలభై ఆరు తీస్తే ఎనిమిది వందల తొంభై నాలుగు. తీసివేత ఆమె ప్రమేయం లేకుండానే అయిపోయింది. అరవైలో మంచి వైపున్న ఆఖరి టన్నును కూడా లెక్కలోకి తీసుకుంటే వచ్చిన అంకె అది. నిన్న సాయంత్రానికి తొమ్మిది వందల పది.

బావ ఆమె మొహం చూస్తున్నాడు. చిన్నప్పటినుంచీ ఎరిగిన మొహం.

"చెప్పమ్మా," అన్నాడు. "ఇప్పుడైనా ఆపితే ఏమన్నా ఉందా?"

"లేదు బావా."

"రవ్వంత?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఈసారి అతను నమ్మాడో లేదో తెలియలేదు. ఖాళీ గంప చంకన పెట్టుకుని, ఇంకో రెండు గంపలు పడవలో ఉన్నాయని తాతతో చెప్పి ఒడ్డు దిగిపోయాడు.